తాళం పడిన ఫోన్‌లో నెమలి అంచు

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. నేను కంప్యూటర్‌లో అంచుల డిజైన్లు గీస్తాను. కొత్తవి ప్రయత్నించే సరదాతో నా ఫోన్‌లో ఆండ్రాయిడ్ తీసేసి, లినక్స్ అనే వేరే సిస్టమ్ వేసుకున్నాను.

ఆ మధ్య పెనుకొండ నుంచి ఒకావిడ తన తల్లి పెళ్లిచీర తెచ్చి, కూతురికి అలాంటిదే నేయమంది. నెమలి అంచును ఫోన్‌లో ఫోటోలు తీసుకుని చీర తిరిగిచ్చేశాను. కొద్దిరోజులకే ఆవిడ తల్లి పోయిందని, ఆ చీరే కట్టి సాగనంపామని కబురొచ్చింది.

ఫోటోలు చూద్దామంటే ఫోన్ తెరుచుకోలేదు. ముందురోజే పాస్‌వర్డ్‌ను అక్షరాల్లోకి మార్చాను. లాక్ స్క్రీన్ మీద మాత్రం అంకెలే ఉన్నాయి! హిందూపురంలోని స్నేహితుడికి నాయన ఫోన్ నుంచి చేస్తే, "అంతా చెరిపేసి మళ్లా ఎక్కించాల్సిందేనబ్బా" అన్నాడు.

నాయన మగ్గం ఆపి వచ్చాడు.

"ఆయమ్మకు ఏమని చెప్తామురా? ఇంక ఆ చీర యాడుండాది?"

ఏం చేయాలో తోచక కంప్యూటర్ ముందు కూలబడ్డాను. చేతికింద కీబోర్డు తగిలింది. ఇందులో అక్షరాలున్నాయి కదా! వెంటనే దాన్ని ఊడదీసి, చిన్న కేబుల్‌తో ఫోన్‌కు తగిలించి, పాస్‌వర్డ్ కొట్టాను. తెర మీద చుక్కలు పడ్డాయి. ఎంటర్ నొక్కగానే ఫోన్ తెరుచుకుంది.

"ఉండాయి నాయనా, అన్నీ ఉండాయి!" అని అరిచాను.

ఆ ఫోటోలు చూసి నేసిన చీర తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆవిడ అంచును చెంపకు ఆనించుకుంది. పనికోసం తీసిన ఫోటోలు ఒకరికి తల్లి గుర్తుగా మిగులుతాయని నేనెన్నడూ అనుకోలేదు.