పంటుకి ఊరూరా చుట్టాలే

ఓడల్లో ఇంజిను మెకానిక్కుగా పనిచేసి వచ్చిన మా బాబాయికి ఒక జబ్బుంది. ఏ మాట విన్నా దాని చుట్టాలు ఎక్కడెక్కడున్నారో ఆరా తీస్తాడు. ఒక ఆదివారం రాజమండ్రిలో మా ఇంట్లో అట్టు తింటూ, "నరసాపురం పంటుందే, దానికి యూరపంతా చుట్టాలేనే అమ్మాయ్" అన్నాడు. రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ స్కూటర్లనీ గోదావరి దాటించే పంటుకి అక్కడ చుట్టాలేంటని నవ్వాను. ఎక్కించి చూపిస్తాను పద అన్నాడు. అలా తొంభైల చివర్లో, మాఘమాసంలో ఒక శుక్రవారం బయల్దేరాం.

తెల్లవారుజామున అయిదున్నర ప్యాసింజరు. రైలు గోదావరి వంతెన ఎక్కగానే పాఠం మొదలైంది. వెనకటి రోమువాళ్ళ లాటిన్‌లో వంతెనని పోన్స్ అనేవారట. అది ఇటలీలో పోంతె, స్పెయిన్‌లో ప్వెంతె అయింది. ఫ్రెంచివాళ్ళు చివరి అక్షరాలు మింగేసి పోఁ అంటారు. మింగడం వాళ్ళకి అలవాటేనని, కావాలంటే యానాంలో అడగమని బాబాయి ఉవాచ. ఎదురుగా వంకాయల గంపతో కూర్చున్నావిడ అంతా విని, "దాటడానికి ఒక్క పేరు చాలదేంటండి?" అంది. బాబాయి కొవ్వూరు దాకా కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చున్నాడు.

నిడదవోలులో బండి మారాలి. వెళ్ళదలచినవాళ్ళు గుర్తుంచుకోండి, అక్కడ టిఫిను స్టేషను బయటే బావుంటుంది, కానీ తొందరగా తినాలి. మేము చేతిలో సగం పెసరట్టుతో పరుగెత్తి బండెక్కాం.

భీమవరం దాటాక మళ్ళీ అందుకున్నాడు. ఫ్రెంచిలో ఓడ డెక్కుని కూడా పోఁ అనే అంటారట. గురువారం పండగొస్తే శుక్రవారం కూడా సెలవు పెట్టి ఆదివారం దాకా కలిపేసుకోవడాన్ని స్పెయిన్‌లో ప్వెంతె అంటారట. మా ఆఫీసులో దాన్ని జ్వరం అంటారని చెప్పాను. లాటిన్‌లోనే ఈ పోన్స్ పక్కన పోంతో అని ఒక పడవ పేరు కూడా పుట్టిందట. డచ్చివాళ్ళకి పోంట్ అంటే ఏరు దాటించే బల్లకట్టు, ఇంగ్లీషువాళ్ళకి పంట్ అంటే అడుగు చదునుగా ఉండే పడవ. ఇద్దరూ ఒకప్పుడు ఈ తీరంలో వర్తకం చేసినవాళ్ళే. మన పంటు ఎవరి ఓడలో దిగిందో చెప్పలేను గానీ ఆ ఇంటి పిల్లేనన్నాడు. నాకు నచ్చింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

తొమ్మిదింపావుకి నరసాపురంలో దిగి, రిక్షాలో రేవుకి చేరాం. టిక్కెట్టు కొనుక్కుని పంటెక్కితే, బల్లల మీద మూతలు కట్టిన ఇత్తడి బిందెల మధ్య ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు సత్యవతి గారు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో కూతురికి అయిదో నెల, ఆ బిందెల్లో మొదటి చలిమిడి తీసుకెళ్తున్నారు. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటి చలిమిడి తల్లి చేతులతోనే ఒడిలో పెట్టాలి. పదకొండుంపావుకి వర్జ్యం వస్తుంది, ఈలోపే పెట్టాలి. పెళ్ళప్పుడు సారె ఆలస్యమైందని వియ్యపురాలు మొహం ముడుచుకున్నారట. ఇవాళ కూడా ఆలస్యమైతే పిల్ల ఆ ఇంట్లో తలెత్తుకోలేదని ఆవిడ భయం.

పదిన్నరకి, సఖినేటిపల్లి రేవు ఇంకో పదిహేను గజాలుందనగా పంటు ఆగిపోయింది. ఆటుకి నీరు తీసేసింది, అడుగున ఇసుక మేట. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదని పంటు నడిపే సరంగు తాపీగా బీడీ ముట్టించాడు. సత్యవతి గారు బిందెల మధ్య నుంచి లేచి నిలబడ్డారు.

"ఇందాకటి పంటుకే రావాల్సిందండి. దుర్ముహూర్తమని వదిలేశాం. పంచాంగం చూశాం గానీ గోదారిని చూసుకోలేదు" అన్నారు నాతో.

నీళ్ళు మోకాలి లోతే, కానీ అడుగంతా బురద. బిందె ఎత్తుకుని నడిచిన మనిషి రెండడుగులకే కూలబడతాడు. అప్పుడు బాబాయి పంచె ఎగ్గట్టి దిగాడు. ఓడల్లో సామాను దించే పద్ధతి చెప్పాడు. నడిస్తే జారతాం, నిలబడి చేతులు మారిస్తే జారం. స్కూటరతను, తాలూకాఫీసు గుమాస్తా, పాలవాళ్ళు, చివరికి చీర దోపుకుని నేనూ, పంటు నుంచి ఒడ్డుదాకా బారు తీరాం. బిందెలు చేతులు మారుతూ కదిలాయి. ఒక్కటీ నీళ్ళలో పడలేదు. బాబాయి మాత్రం ఒక్కో బిందెకీ "పోంతె, ప్వెంతె, పోఁ" అంటూ లెక్కపెడుతుంటే, పాలవాళ్ళు అదేదో మంత్రం అనుకుని వాళ్ళూ అందుకున్నారు. బురదలో అంత నవ్వు నేనెప్పుడూ నవ్వలేదు.

బిందెలు చేరాయి. మరి తల్లి? ఆవిడ దిగి, ఒక చెయ్యి వదిలి ఇంకో చెయ్యి పట్టుకుంటూ మా బారు వెంబడే నడిచారు. ఆవిడ తన దగ్గరికి రాగానే బాబాయి లెక్క ఆపేసి రెండు చేతులూ అందించాడు.

బారు చివర, పట్టుచీర మోకాళ్ళదాకా తడుపుకుని ఒకావిడ నిలబడి ఉన్నారు. తీసుకెళ్ళడానికి రేవుకొచ్చిన వియ్యపురాలు. ఎప్పుడు నీళ్ళలోకి దిగారో మేమెవరం చూడలేదు. ఆవిడే చివరి చెయ్యి అందించారు.

"జాగ్రత్తండి వదినగారూ. ఆలస్యమేం కాలేదు."

సత్యవతి గారు ఆ చెయ్యి పట్టుకునే ఏడ్చేశారు. నాకూ ఆగలేదు.

వర్జ్యం రాకముందే చలిమిడి ఒడికి చేరింది. బారులో నిలబడ్డ అందరికీ వియ్యపురాలు భోజనం పెట్టి, తలో చలిమిడి ముద్దా ఆకులో చుట్టిచ్చారు.

తిరుగు ప్రయాణం రాజోలు మీదుగా బస్సులో. మీరూ వెళ్ళండి, పంచాంగంతో పాటు పోటు వేళ కూడా అడిగి మరీ వెళ్ళండి. పంటు ఎక్కడ పుట్టిన మాటైనా, ఆ పూట చలిమిడిని దాటించింది మాత్రం ముక్కూమొహం తెలియని మనుషులే. నాకు ఆ సంతోషం ఇంటిదాకా ఆరలేదు.

రావులపాలెం దగ్గర బాబాయి నిద్ర లేచి, "ఇప్పుడైనా చుట్టరికం ఒప్పుకుంటావా?" అన్నాడు. నా నోటినిండా చలిమిడి ఉంది. తలూపాను.