వాగు వరస

ఆ రోజుల్లో మనుషులందరూ సమానమేనన్న మాట మీద నాకెంత గట్టి నమ్మకం ఉండేదంటే, ఒక గురువారం తెల్లవారుతూనే ద్రాసా చెరకు తోట గట్టు మీద నిలబడి, పన్నెండు కాగితం ముక్కలు సమానంగా చించి, సమానంగా మడిచి, వాటిలో ఒక్కదాని మూలను మాత్రం ఎవరూ చూడకుండా గోటితో నొక్కాను. ఆ చీటీ నాకు రాకూడదు. ఇంకెవరికి వచ్చినా నా సిద్ధాంతానికి అభ్యంతరం లేదు. అది మా ఓడ అక్కకు వచ్చింది.

కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను. గిర్మిట్ కాలం అది. అయిదేళ్లు పనిచేస్తామని కాగితం మీద వేలిముద్రలు వేసి ఫిజీకి ఓడెక్కి వచ్చినవాళ్లం. (నేను మాత్రం సంతకం పెట్టాను. ఈ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుండేవాణ్ణి.) ఓడలో అందరికీ ఒకే కుండలో కూడు వండేవారు. మొదటి వారం ముఖాలు తిప్పుకున్నవాళ్లు రెండో వారానికి ఆకలికి లొంగి పక్కపక్కనే కూర్చున్నారు. దిగేసరికి ఓడ చుట్టరికం ఒక్కటే మిగిలింది. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ఆమె నాకు ఓడ అక్క అయింది. రాత్రీ పగలూ దగ్గుతూ మాతో వచ్చిన పెద్దాయన అందరికీ దగ్గు తాత అయ్యాడు. నాకు ఇరవై ఏళ్లు, నాలుగో తరగతి దాకా చదువు. అందుచేత పంతులునయ్యాను.

తోటలో పని వరసల లెక్కన ఉండేది. పొద్దున్నే సర్దారు ఒక్కొక్కరికి ఒక్కో చెరకు వరస చూపించేవాడు. దానిలో కలుపు తీస్తే ఆ రోజుకి విడుదల. మిగిల్చావా, మొదటిసారి తిట్లు, రెండోసారి కోర్టు. గట్టు పక్క వరసల్లో మన్ను మెత్తగా, కలుపు పల్చగా ఉండేది. చిట్టచివర వాగు పక్కన ఒక వరస ఉండేది. దానిలో తుంగ మోకాలి ఎత్తు, పీకిన చోటే మర్నాటికి మళ్లీ మొలిచేది. సర్దారుకు వంగి దణ్ణం పెట్టనివాళ్లకు ఆ వరస పడేది. అక్క నడుము తుంగ పీకడానికి వంగేది గానీ దణ్ణానికి వంగేది కాదు. అప్పటికే ఆమె ఒకసారి పని మిగిల్చింది. మేముండే కూలి గదుల లైన్లలో ఒక ముసలమ్మ దగ్గర ఆమె వదిలిపెట్టి వచ్చిన నాలుగు నెలల కొడుకు పాలకోసం ఏడుస్తుండేవాడు.

నేనా, రోజూ మధ్యాహ్నానికల్లా నా వరస ముగించి పార భుజాన వేసుకుని వచ్చేసేవాణ్ణి. అదంతా నా పనితనమనే నా నమ్మకం. "నడుముతో కాదు, మణికట్టుతో కొట్టాలి" అని చెమటలు కక్కుతున్నవాళ్ల దగ్గర ఆగి మరీ పాఠం చెప్పేవాణ్ణి. వాళ్లు ఓపిగ్గా వినేవాళ్లు. వాళ్ల చేతుల్లో పారలుండేవన్న సంగతి తల్చుకుంటే ఆ ఓపిక విలువ ఇప్పుడు తెలుస్తోంది.

ఒక ఆదివారం సర్దారు దగ్గరకెళ్లి ఉపన్యాసమిచ్చాను. అందరం ఒకే ఓడలో వచ్చాం, ఒకే కూడు తిన్నాం, వరసలు కూడా చీటీలు వేసి పంచాలి అన్నాను. ఆయన కోప్పడతాడనుకుంటే చుట్ట పక్కన పెట్టి నవ్వాడు.

"సరే పంతులూ, రేపట్నించి చీటీలే. రాసేది నువ్వే, చదివేది నువ్వే. బరాబర్?"

"బరాబర్" అన్నాను ఛాతీ విరుచుకుని.

"మా ఇంటికి ఉత్తరాలు రాసిపెడుతున్నావని ఇన్నాళ్లూ నీకు గట్టు వరస ఇచ్చాను. ఇక ఊరికే రాస్తావు గదా?"

నా మణికట్టు మహిమ అంతా అక్కడితో తేలిపోయింది.

సోమవారం వాగు వరస నాకే వచ్చింది. మంగళవారం మళ్లీ నాకే. (సమానత్వానికి నా మీద అంత ప్రేమ ఉందని నేననుకోలేదు.) రెండు రోజులూ పొద్దుగూకే వేళకు ఎలాగో ముగించాను. కుడి అరచెయ్యి పొక్కిపోయి అన్నం ముద్ద ఎడమచేత్తో తిన్నాను. మంగళవారం రాత్రి పడుకుని ఆలోచిస్తే సిద్ధాంతంలో ఒక లోపం కనిపించింది. చీటీలు రాసే చేతులు బాగుండకపోతే చీటీలు ఎవరు రాస్తారు? చీటీలు లేకపోతే సమానత్వం ఏమైపోతుంది? కాబట్టి ఆ చేతుల్ని కాపాడుకోవడం అందరి మేలు కోసమే. బుధవారం వాగు వరస చీటీ మూల నొక్కాను. రాసినవాడే ముందు తీయాలన్న నియమం కూడా అదే రోజు పెట్టాను. ఆ వేళ వాగు వరస ఒక బలమైన వస్తాదుకు పడింది, అతను ఈల వేసుకుంటూ ముగించేశాడు. నా మనస్సాక్షి కూడా అతనితోపాటు ఈల వేసింది.

గురువారం మాత్రం అక్క.

మధ్యాహ్నం నా వరస ముగించి లైన్ల దాకా వెళ్లాను. ముసలమ్మ పసివాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని నోరు మాత్రం తెరుస్తున్నాడు. పార మళ్లీ తీసుకుని వాగు దగ్గరకు నడిచాను. అక్క సగం వరసలో ఉంది.

"ఏటి తమ్ముడా, దారి తప్పినావా?"

"సాయం చేద్దామని."

"అయితే మణికట్టుతో కొట్టు. నడుంతో కాదు."

తుంగలోకి దిగి చాలాసేపు పీకాను. సర్దారు చూసీ చూడనట్టు అటు తిరిగి కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక, "ఈ చీటీ నీకే రావడం అన్యాయం అక్కా" అన్నాను.

"నాకు రానేదు. నానే తీసినాను." ఆమె చేతులు ఆగలేదు. "ఊర్లో ఇస్తరాకులు కుట్టినదాన్ని. ఎక్కడ నలిగిందో ఏలికి తెల్దా? నిన్న మూల నలిగిన సీటీయే వాగు వరస అయినాది. ఈవేళ నా వొంతు వొచ్చేతలికి డబ్బాలో రెండే ఉన్నాయి. నా ఎనక తాత. ఆ ముసిలోడు ఈ తుంగలో దిగితే మరి లేస్తాడా?"

నా పార గాల్లోనే ఆగింది. "మరి కోర్టు? పని మిగిలితే?"

"నువ్వొస్తావనుకున్నాను. పొద్దున్నే నీ మొకం దొంగ మొకంలాగుంది. పీకు, పీకు, పొద్దోతంది."

పొద్దు వాలకముందే ముగించాం. ఆమె చేతులైనా కడుక్కోకుండా లైన్ల వైపు పరుగెత్తింది.

మర్నాడు అక్క కొత్త చట్టం చెప్పింది. "సీటీలు రాసినోడు ఆకర్న తియ్యాల." నాలుగో తరగతి చదివిన నాకు తట్టనిది ఆమెకు తట్టింది. ఆ తర్వాత నేను మడిచినంత జాగ్రత్తగా చీటీలు మడిచినవాడు ఆ దీవిలో లేడు. తాత చీటీ తీసేద్దామా అని కూడా ఆమె అడిగింది. తాత దగ్గు ఆపి మరీ లేచాడు. "నన్ను లెక్కలోంచి తీసేస్తారా? అందరితో పాటు వచ్చాను, నా చీటీ నాకుండాల్సిందే!" చీటీ ఉంచాం. ఆయనకు వాగు వరస పడినప్పుడల్లా ఎవరో ఒకరు మార్చుకునేవారు, ఆయన రోజంతా వాళ్లను తిట్టేవాడు. ఎవరిది న్యాయమో మా గిర్మిట్ తీరేదాకా తేలలేదు.

అక్క కుటుంబం తర్వాత వాయినికోరో వైపు పొలం చేసుకోవడానికి వెళ్లిపోయింది. నేను లౌటోకాలో అచ్చాఫీసులో చేరి, చీటీల నుంచి పత్రికకు ఎదిగాను. సమానత్వం గురించి ఎన్నో సంపాదకీయాలు రాశాను. వాటిలో మూల నొక్కిన చీటీ మాట ఎక్కడా రాలేదు. మా ఆఫీసులో శనివారం సిరా రోలర్లు కడిగే పనికి చీటీలు వేస్తారు, ఆ పద్ధతి నేను పెట్టిందే. నాకిప్పుడు తాత వయసు, కాస్త దగ్గు కూడా ఉంది. కిందటేడు నుంచి కుర్రాళ్లు నా చీటీ వేయడం మానేశారు. వేయమని అడగాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు. శనివారం వస్తే డబ్బా దగ్గరకు వెళ్లి, మడతల మూలలు ఒకసారి చూసి, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాను.