బొమ్మలో లేని బాణం

మార్కర్ పెన్ను మూత తీయగానే వచ్చే ఘాటు వాసన తగిలితే నేను ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. మొన్న మనవరాలి బడిలో టీచరు బోర్డు ముందు పెన్ను తెరవగానే సుజాత మేడం గుర్తొచ్చింది. హిందూపురంలో ఆమెకు చిన్న షెడ్డు ఉండేది. బోరు మోటార్లను ఫోనుతో నడిపే పెట్టెలు అక్కడ తయారయ్యేవి. పెట్టె లోపలి చిప్పుకు ప్రోగ్రాం రాసేది మేడం. తయారైన పెట్టెను పరీక్షించేది నేను.

మేడం ధర్మవరం మగ్గాల ఇంటి బిడ్డ, వయసులో నాకంటే చిన్నది. ప్రోగ్రాం రాసే ముందు బోర్డు మీద మార్కరుతో గళ్ళు గీసేది. ఆగింది, నడుస్తోంది, కరెంటు పోయింది అని మోటారు ఉండే ఒక్కో స్థితికి ఒక్కో గడి. ఏం జరిగితే ఏ గడి నుంచి ఏ గడికి పోవాలో చూపించే బాణాలు. ఆ తర్వాత అదే బొమ్మను కంప్యూటర్లో నడిపించి చూసుకునేది. నేరుగా రాసేయొచ్చు కదా, ఈ బొమ్మలెందుకని ఒకసారి అడిగాను. "మా నాయన గళ్ళ కాగితం మీద అంచు గీయకుండా మగ్గం ఎక్కేవాడు కాదక్కా. సగం చీర నేసినాక తప్పు తెలిస్తే యాడని విప్పేది?" అంది.

అప్పటికి నాకు చదువు రాదు. పరీక్షించాలంటే బొమ్మ చదవాలని ఆమే అక్షరాలు నేర్పింది. నేను చదివిన మొదటి మాటలు ఆ గళ్ళలోవే. వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే, "వేలు తీయక్కా. అది చెరిగితే నీ మోటారు దారి తప్పుతాది" అని నవ్వేది.

ఏ మార్పైనా ముందు బొమ్మలో చేయాలి, తర్వాతే ప్రోగ్రాంలో. అది ఆమె పట్టింపు. పెనుకొండ దగ్గర మా పొలంలో ఒక పెట్టెను పరీక్షకు బిగించినప్పుడు మాత్రం ఆ పట్టింపు సడలింది. మా ఆయన ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. "కరెంటు పోయొస్తే మోటారు దానంతట అదే ఆడల్ల మేడం. నేను ఫోను నొక్కుతా కూచుంటే చెనిక్కాయ చేను తడిసేదెప్పుడు?" అన్నాడు. మేడం గట్టు మీదే కూర్చుని ప్రోగ్రాం మార్చేసింది. "బొమ్మలో తర్వాత ఎక్కిస్తా" అంది. ఆ మాట ఆమె నోట అంతకుముందు నేను వినలేదు.

కొన్నాళ్ళకు షెడ్డులో ఆ మార్పును బొమ్మలో పెట్టి నడిపిస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. "అక్కా, మనిషి ఆపినాక కరెంటు పోతే పెట్టెకు ఆ సంగతి గుర్తుండదు. కరెంటు రాంగానే మోటారు నడిపిస్తాది" అంది.

నేను ఫోను అందుకున్నాను. బోరు దగ్గర వైరు అతుకు ఊడిందని, ఈ రోజే బిగిస్తానని మా ఆయన పొద్దున చెప్పాడు. మా పక్క కరెంటు లేనప్పుడు ఎవరూ ఫ్యూజు పీకరు. మోటారు ఆపి, వైర్లు పట్టుకుంటారు. ఫోను చేస్తే మోగుతోంది గాని ఆయన ఎత్తడం లేదు. పెట్టెను ఫోనుతో ఆపుదామన్నా, కరెంటు లేకపోతే దానికి వినపడదు. మేడం స్కూటరు తీసింది. ప్రతి ఊరిలో నేను దుకాణాల వైపు చూస్తూనే ఉన్నాను, ఎక్కడైనా ఫ్యాను తిరుగుతోందేమోనని.

మేం పోయేసరికి ఆయన బోరు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల్లో ఒలిచిన వైర్లు, పళ్ళ మధ్య టేపు.

"వదిలిపెట్టయ్యా" అన్నాను.

"ఏమ్మే, పని ఇడిసి ఇట్లొచ్చినావు? ఆపే ఉండాది, కరెంటూ లేదు."

మేడం నేరుగా పోయి ఫ్యూజులు పీకింది. అప్పుడు చెప్పింది. "తప్పు నాదన్నా. బొమ్మ గీయకుండా మార్చినా."

ఆయన నవ్వాడు. "నేను ఆపితే మీ పెట్టె మల్లా ఆడిస్తాదా?"

"చూద్దాం" అని ఆమె పెట్టె నుంచి మోటారు వైర్లు విప్పేసి, ఫ్యూజులు తిరిగి పెట్టి, మమ్మల్ని దూరంగా నిలబెట్టింది. ఆయన కాసేపు పైరు గురించి మాట్లాడాడు, తర్వాత పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు. కరెంటు వచ్చింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల టక్కుమంది. ఎవరూ ముట్టకుండానే, మోటారు నడుస్తోందని చూపే పచ్చ దీపం పడింది.

మా ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. మేడం గట్టు మీద కూలబడింది.

ఆ పెట్టెను ఆ రోజే విప్పి తెచ్చేసింది. బొమ్మ మళ్ళీ గీసి, ప్రతి బాణాన్నీ నడిపించి చూసేదాకా ఒక్క పెట్టె కూడా షెడ్డు దాటలేదు. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. ఆమె బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. "ఈడా తొందరేనక్కా. బొమ్మ గీస్తారు, తర్వాత ప్రోగ్రాం మార్చేసి బొమ్మను మర్చిపోతారు. నేను గొడవ పడతాండా" అని ఫోన్లో చెప్పింది.

ఎవరైనా "ఆపేసినా" అంటే నాకు సగమే విన్నట్టుంటుంది. కరెంటు మళ్ళీ వస్తే ఏమవుతుందని అడుగుతాను. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. మా ఆయన మాత్రం ఫ్యూజులు పీకి నా చేతిలో పెట్టాకే వైరు ముడతాడు. వాటిని కొంగులో చుట్టుకుని పక్కనే నిలబడతాను. కరెంటు లేదని తెలిసినా, ఆయన లేచి చేతులు దులుపుకునేదాకా పిడికిలి వదలను.