మల్లేశ్వరరావు మొగ్గు తూకం

పాలకొల్లు బజారులో మల్లేశ్వరరావు కిరాణా కొట్టు తూకానికి పెట్టింది పేరు. పప్పు తూచినా, చింతపండు తూచినా, సరుకు వైపు పళ్లెం కాస్త కిందికి దిగేదాకా ఆయన చెయ్యి ఆగదు. ఆ కాస్తనే మొగ్గు అంటారు. మొగ్గు ఇవ్వనివాడి కొట్టు నిలవదని తండ్రి చెప్పిన మాట పట్టుకుని జుట్టు నెరిసేదాకా వ్యాపారం నెట్టుకొచ్చాడు. తూకం విషయంలో నోటితో అబద్ధం చెప్పి ఎరగడు, కాటా ఎంత చూపితే అంతే చెప్పాలి. ఇంట్లో భార్య సత్యలక్ష్మితో ఆడే అబద్ధాలు వేరే లెక్క, అవి ఏ మొగుడికైనా తప్పవు.

తొంభై ఎనిమిదిలో సత్యలక్ష్మికి ఆయాసం పట్టుకుంది. రాజమండ్రిలో గుండె డాక్టరు పరీక్షలు చేసి, గుండె నీరసించిందనీ, ఒళ్లు తగ్గాలనీ, ఉప్పు బాగా తగ్గించాలనీ చెప్పి మాత్రలు రాశాడు. రోజూ బరువు చూసుకోమన్నాడు. తగ్గితే సంతోషమే గానీ, పెరుగుతూ పోతే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదనీ, ఒంట్లో నీరు చేరుతున్నట్టనీ, ఆ రోజే తీసుకురమ్మనీ గట్టిగా చెప్పాడు. వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డులో బరువు చూసే మిషను కొనుక్కునే బస్సెక్కారు.

ఆ మిషనుతో పెద్ద తలనొప్పి వచ్చిపడింది. గదిలో చాప మీద ఒక బరువు, వసారాలో ఇంకో బరువు, మళ్లీ ఎక్కితే మరోటి. మల్లేశ్వరరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. కొట్లోంచి తూకపు రాళ్లు మోయించుకొచ్చి, ఇల్లంతా తిరిగి తూచి చూశాడు. చివరికి పెరటి వసారాలో చదునైన నాపరాయి మీద పెడితే ముల్లు సరిగ్గా నిలబడింది. అప్పటినుంచీ అక్కడే తూకం. పొద్దున్నే, కాఫీ తాగకముందు, అదే పాత నేతచీరతో ఎక్కాలి. కళ్లజోడు బరువు కూడా కలుస్తుందని ఆవిడ అది తీసేసి మరీ ఎక్కేది. జోడు లేకపోతే ఆవిడకి అంకెలు ఆనవు, అందుకని ఆయనే వంగి చదివేవాడు.

మొదట్లో ముల్లు వెనక్కి జరుగుతూ వచ్చింది. ఆవకాయ జాడీ మొహం చూడకుండా, ఆత్రేయపురం నుంచి ఎవరు పూతరేకులు తెచ్చినా ముట్టకుండా నెగ్గుకొచ్చిన మనిషి కదా, తగ్గావని ఆయన చెప్పినప్పుడల్లా పసిపిల్లలా మురిసిపోయేది. పాత జాకెట్లు బీరువాలోంచి తీసి ఒంటికి ఆనించి చూసుకునేది.

తర్వాత ముల్లు ఎదురు తిరిగింది. పెరిగావని ఆయన చెప్పిన రోజు ఆవిడ సగం అన్నం మానేసింది. మర్నాడు ఇంకాస్త పెరిగింది. దొంగచాటుగా తింటున్నానని అనుకుంటున్నారా అంటూ వసారాలోనే కూలబడి ఏడ్చింది. అలా ఏడిపించిన అంకె తన నోటినుంచే వచ్చిందని ఆయన ప్రాణం ఉసూరుమంది.

మిషను పక్కన సున్నా సరిచేసుకోవడానికి చిన్న చక్రం ఉంటుంది. మర్నాడు ఆవిడ రాకముందే ఆయన దాన్ని కాస్త వెనక్కి తిప్పి పెట్టాడు. ఆవిడ ఎక్కింది. ముల్లు చూపిందే చదివి, తగ్గావు అన్నాడు. నోటితో అబద్ధం ఆడలేదు. ఊరందరికీ ఇచ్చే మొగ్గు కట్టుకున్నదానికి ఇస్తే తప్పేంటనుకున్నాడు. డాక్టరు మాట గుర్తు రాకపోలేదు. కానీ డాక్టరన్నది బాగా పెరిగితే కదా, ఇది పిసరంతే, పైగా స్ప్రింగు సాగిందేమో అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. చక్రం మాత్రం రోజూ ఇంకొంచెం తిప్పాల్సి వస్తోంది.

ఆవిడ పాదాలు ఉబ్బి మెట్టెలు బిగిసిపోయాయి. అప్పుడాయనకి గుండెల్లో రాయి పడి, రాజమండ్రి వెళ్దామన్నాడు. తగ్గుతున్నాను కదా, ఇప్పుడెందుకు, వచ్చేనెల వెళ్తే డాక్టరుగారే మెచ్చుకుంటారని ఆవిడ నవ్వేసింది. అప్పుడైనా నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు ఎంత ఖరీదైందో వారం తిరక్కుండానే తెలిసింది. ఒకరోజు తెల్లవారుజామున పడుకుంటే ఊపిరి ఆడక ఆవిడ లేచి కూర్చుండిపోయింది. టాక్సీ మాట్లాడి పరుగున తీసుకెళ్లాడు.

డాక్టరు ఆవిడ కాళ్లు నొక్కి చూశాడు. వేలు దిగినచోట గుంట అలాగే ఉండిపోయింది. పట్టుకుని నిలబెట్టి ఆసుపత్రి కాటా మీద తూచి, ఆయన వైపు తిరిగాడు.

"ఇంత నీరు చేరేదాకా ఏం చేస్తున్నారండీ? ఇంట్లో బరువు చూడమన్నానా లేదా?"

మాటకీ మాటకీ మధ్య రొప్పుతూ సత్యలక్ష్మే జవాబు చెప్పింది.

"ఆయన్నేమీ అనకండి. రోజూ ఆయనే చూశారు. మా ఆయన తూకం ఎప్పుడూ తప్పదండి."

ఆవిడ ముందు మల్లేశ్వరరావు ఆ మాట కాదనలేకపోయాడు. తలదించుకుని మంచం పక్కన నిలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక, ఇద్దరే ఉన్నప్పుడు, చెయ్యి పట్టుకుని అంతా చెప్పేద్దామనుకున్నాడు. తిడితే తిట్టనీ, ఏడిస్తే ఏడవనీ అనుకున్నాడు.

ఆవిడ ఊపిరి కుదుటపడలేదు.