అట్ట మాదే, రికార్డు కాదు

నా చిన్నప్పుడు నన్ను మోసం చేసిన మైకుసెట్టాయన మీద నాకింకా కోపం పోలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా పోలేదు.

మా పెదనాన్నకు రికార్డుల పిచ్చి. చోడవరంలో పంచదార ఫ్యాక్టరీ పని, సెలవు దొరికితే బస్సెక్కి విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరగడం. పాట దొరికితే చాలదు ఆయనకు. ఒకే రికార్డును కంపెనీవాళ్ళు మళ్ళీ మళ్ళీ అచ్చు తీస్తారట, మొదటి అచ్చులో ఉన్న స్పష్టత తర్వాతివాటిలో ఉండదట. మధ్యనుండే కాగితం చుట్టూ, పాట లేని నున్నటి చోట సన్నగా గీసిన అంకెలుంటాయి. వాటిని చూసి ఏ అచ్చో చెప్పేవాడు. అలా ఏళ్ళ తరబడి వెతికి ఒక సన్నాయి రికార్డు మొదటి అచ్చు సంపాదించాడు. దాన్ని మా పెద్దమ్మను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయన డ్యూటీలో ఉండగా మైకుసెట్టాయన ఇంటికొచ్చాడు. పెళ్ళిలో వెయ్యాలి, మీ పెదనాన్నే ఇమ్మన్నాడు అన్నాడు. "నువ్వు మంచి గుంటవి గదే" అని కూడా అన్నాడు. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. పొంగిపోయి తీసిచ్చాను. మూడోరోజు అట్టతో సహా తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

సాయంత్రం పెదనాన్న దాన్ని కిటికీ వెలుతురుకి వంచి చూశాడు. అట్ట మనదే, రికార్డు కాదు అన్నాడు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆయన చెప్పులేసుకుని, ఆ రికార్డు చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మైకు షాపుకి తీసుకెళ్ళాడు.

మైకుసెట్టాయన నవ్వాడు. "అదీ సన్నాయే, ఇదీ సన్నాయే. తేడా ఏటండీ బాబూ?" అన్నాడు. పెదనాన్న అక్కడున్న రికార్డుల పెట్టె మూత తీశాడు. మా రికార్డు అందులోనే ఉంది, అరిగిపోయిన ముల్లుతో పెళ్ళంతా వాయించి గీతలు పడేలా చేశారు. రెండూ వేసి నన్ను కళ్ళు మూసుకుని వినమన్నాడు. ఒకదాంట్లో, అంత గరగరలోనూ, సన్నాయి వాయించే ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇదే మనది అన్నాను.

అప్పుడు మైకుసెట్టాయన నా వైపు వేలు చూపించాడు. "ఇచ్చింది ఆ గుంట గదండీ, నన్నంతారేటి?"

మా పెదనాన్న గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. "రికార్డు పోతే ఇంకోటి ఎతుక్కుంతాను. నా పేరు సెప్పి పసిదాన్ని నమ్మించేవు. ఇప్పుడు తప్పు దాని మీదకి తోస్తన్నావు. సిగ్గు నేదేటి నీకు? అబద్ధమాడేనని ముందు దానికి సెప్పు!" బజారు బజారంతా ఆగి చూసింది. చెప్పించేదాకా ఆయన కదల్లేదు. వాడు నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు. నాకది సరిపోలేదు.

దారిలో పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అలాంటి అచ్చు ఆయనకు మళ్ళీ దొరకలేదు.

ఈ వయసులో అంత కోపమేంటని ఇంట్లోవాళ్ళు నన్ను విసుక్కుంటారు. పెద్దవాళ్ళ తప్పు పిల్లల నెత్తిన రుద్దడం చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరిల్లయినా సరే, ఎంత పెద్దమనిషైనా సరే, పదిమందిలో నిలబెట్టి అడుగుతాను. ఆ బిడ్డ వినేలా అడుగుతాను.