చిన్నాయన వంతు చెల్క

మొన్న బుధవారం పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా కోడలు పొయ్యి మీద చారు పొంగకుండా ఒక కంట చూసుకుంటూ, ఫోనులో వచ్చిన అంకెలు చదివి వినిపించి, ఇల్లు కొనడానికి బ్యాంకు ఇచ్చే అప్పుకు తన ఒప్పుదల చెప్పింది. మా అబ్బాయి పని మీద నాగపూర్ వెళ్ళాడు, వాడి ఒప్పుదల అక్కడి నుంచే అప్పటికే అందిందట. ఇద్దరి పేర్ల మీద తీసుకునే అప్పుకు ఇద్దరూ ఒకచోట కూర్చోనక్కరలేదని నాకు తెలియక కాదు. అయినా ఆ మాట వినగానే దేవరకొండ అవతల మా ఊరూ, మేము తనఖా పెట్టిన చెల్కా గుర్తుకొచ్చి, ఆ పూట చేతిలోని పుస్తకం ముందుకు సాగలేదు. ఇట్లాంటివి చెప్పుకోవడానికి అక్క ఉండేది. అక్క పోయి రెండు నెలలు దాటింది. అందుకని, కరువంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేని నా ఈడు వాళ్ళకు చెబుతున్నాను.

అరవైల మొదటి మాట. ఊరికి పడమర మాకు ఒక బావి, దాని కింద కొద్దిగా వరి మడి, బావి దాటితే వాగు దాకా వానకు పండే ఎర్ర చెల్క ఉండేవి. తాత పోయాక భూమి అంతా బాపు పేరునా, బాపు తమ్ముడైన మా చిన్నాయన పేరునా కలిపి పట్టా అయింది. వరుసగా వానలు లేక బావి అడుగున బండ తేలింది. మందు పెట్టి ఆ బండ పగలగొడితే నీళ్ళున్నాయని బావులు తవ్వేవాళ్ళు దిగి చూసి చెప్పారు. దానికి అప్పు పుట్టకపోతే ఎడ్లు అమ్ముకొని, ఇంటికి తాళం వేసి, మా దిక్కు ఎందరో పోయినట్టు బొంబాయి వైపు కూలికి పోవాలి. బాపు ఆ మాట ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. అంతకు మూడేళ్ళ ముందు చిన్నాయన అట్లాగే పోయాడు.

చిన్నాయనకు పెండ్లి కాలేదు. మాట చాలా తక్కువ, పలకరిస్తే నవ్వేవాడు, చెల్కలో ఆయన దున్నిన సాలు వాగు దాకా గీత గీసినట్టు ఉండేది. ఒక మేస్త్రీ గుంపుతో సొరంగం పనికి పోయి, మొదటి ఏడు వచ్చిపోయేవాళ్ళతో తల్లికి, అంటే మా అవ్వకు, చీర పంపాడు. తర్వాత కబురు ఆగిపోయింది. బాపు వెతకడానికి పోయి వచ్చి, తమ్ముడు ఆ గుంపును వదిలి ఇంకా దూరం పనికి పోయాడట అని అవ్వకు చెప్పాడు. నేనప్పుడు నల్లగొండలో పంతులు శిక్షణలో ఉన్నాను, అక్క అత్తవారింట్లో ఉంది. మా ఇద్దరికీ అదే మాట చేరింది.

బావి ఎండేనాటికి నాకు పక్క ఊరి బడిలో ఉద్యోగం దొరికింది గాని, ఆ జీతంతో బండ పగిలేది కాదు. తాలూకా ఊళ్ళో భూమి తనఖా పెట్టుకొని బావులకు అప్పిచ్చే బ్యాంకు ఒకటి ఉండేది. వడ్డీ తక్కువ, ఏళ్ళ మీద తీర్చుకోవచ్చు, అన్నిటికీ మించి భూమి మన సాగులోనే ఉంటుంది. వాళ్ళ అధికారి వచ్చి బావిలోకి తొంగిచూసి, చెల్క మట్టిని పిడికిట్లో నలిపి, మంచి నేల అని మెచ్చుకొని పోయాడు. ఆ మెప్పు విని అమ్మ ఆయనకు చల్ల చేసి ఇచ్చింది. తీరా మేము బ్యాంకుకు పోయిన రోజున కాదన్నారు. ఇద్దరి పేరున ఉన్న భూమికి ఒక్కరి సంతకం చెల్లదు. తమ్ముడు ఊళ్ళో లేడని బాపు చెప్పబోతే గుమాస్తా విసుగేమీ లేకుండానే, “ఉన్నడంటే మనిషిని తీసుకరా, లేడంటే పట్వారీతోని లేడని రాయించుకరా. నడుమ మాట మాకు పనికిరాదు” అన్నాడు. పెండ్లి కాని మనిషి పోతే ఆయన వంతు తల్లికి వస్తుందనీ, చనిపోయాడని రాసిన కాయితం మీద ఆమె వేలిముద్ర పడితే అప్పు ఇస్తామనీ కూడా చెప్పాడు.

నాలుగు రోజులకు పట్వారీయే మేలు చేద్దామని మా ఇంటికి వచ్చాడు. అవ్వ వాకిట్లో కందికాయలు ఒలుస్తోంది. ఉత్త కాయితమే అవ్వా, ఆయన రేపొస్తే చింపేసుకుందాం అని ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.

“అసుంటి కాయితం నీ కొడుకు మీద రాసుకో పో. నా కొడుకు సచ్చిండని నేను ఏలు పెడ్తనా? నేను సచ్చినంక మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండ్రి” అంది అవ్వ.

పట్వారీ చెప్పులు మా గుమ్మంలోనే మరిచిపోయి వెళ్ళాడు. బాపు గోడకు ఆనుకొని కూర్చొని అంతా విన్నాడు.

అట్లా మేము షావుకారు దగ్గరికి చేరాం. ఆయన మా ఊళ్ళోనే ధాన్యం కొనేవాడు. చెల్క ఆయనకు అప్పజెప్పాలి, వడ్డీ బదులు పంట ఆయన తింటాడు, అసలు మొత్తం ఒక్కసారి కట్టిన రోజు చెల్క మాది అవుతుంది, గడువు దాటితే ఆయనదే. ఆయనకూ చిన్నాయన మాట కావాలి. దానికి మా దిక్కు ఒక పద్ధతి ఉండేది. వంతుదారు ఊరు విడిచిపోయి ఉంటే, పంచాయితీలో అందరితో పాటు ఆయనకూ ఒక గొంగడి పరిచి, దాని మీద ఆయన చేతికట్టె పెట్టేవారు. పెద్దమనిషి ఆ కట్టెను మనిషిని అడిగినట్టే అడిగేవాడు. ఆయన తరఫున కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటారేమో అని కాసేపు ఆగేవారు. ఎవరూ అనకపోతే ఆయన ఒప్పుకున్నట్టే, రేపు ఆయన తిరిగి వచ్చినా ఆ మాటకు కట్టుబడేవాడు. ఇది బతికి ఉన్నవాళ్ళకే. పోయినవాళ్ళ పేరున గొంగడి పరచడం పెద్ద తప్పుగా ఎంచేవారు.

పంచాయితీ వాళ్ళు షావుకారు అరుగు ముందు కూర్చున్నారు. బాపు అటక మీది నుంచి చిన్నాయన కట్టె దించి తెచ్చాడు. అక్క ఆ వారం ఇంటికి వచ్చి ఉంది, అవ్వను పట్టుకొని నడిపించుకొచ్చింది. గొంగడి పరుస్తుంటే అవ్వ, “జర నీడకు ఎయ్యుండ్రి, ఎండ తగుల్తది” అంది.

పెద్దమనిషి మాకు తాత వరస. గొంతు సవరించుకొని, “ఏం కొడుకా, మీ అన్న చెల్క కుదువ వెడ్తుండు. నీకు ఇష్టమేనా?” అని కట్టెను అడిగాడు.

అందరూ ఆగారు. కూర్చున్నవాళ్ళలో ఒకడు, “ఉన్నప్పుడే పది మాటలకు ఒక్కటి పలుకకపోతుండె, ఇప్పుడు కట్టె పలుకుతదా తాతా” అన్నాడు. నవ్వులు లేచాయి. అవ్వ కూడా నవ్వింది. “ఉలకకుంటే ఒప్పుకున్నట్టేరా వాడు. చిన్నప్పటి సంది అంతే” అంది. షావుకారు ఒక్కడే నవ్వలేదు. కట్టె వైపు చూడకుండా తల వంచుకొని కాయితం జరిపాడు. సంతకం చేయగానే బాపు కట్టె తీసుకొని ఎవరి కోసమూ ఆగకుండా ఇంటికి నడిచాడు. అప్పు భయం అనుకున్నాను.

బండ పగిలింది, నీళ్ళు పడ్డాయి. మడి పండి ఇంటిల్లిపాదీ ఊళ్ళోనే ఉండగలిగాం. కాని చెల్క విడిపించేంత పైకం ఏనాడూ ఒక్కసారిగా చేతికి రాలేదు. గడువు దాటాక అది షావుకారు పేరు మీదికి పోయింది. బ్యాంకు అప్పు దొరికి ఉంటే మెల్లమెల్లగా తీర్చుకొని నిలబెట్టుకునేవాళ్ళమే. బాపు ఆ గట్టు మీదుగా నడవడం మానేసి, వాగులోకి దిగి చుట్టు తిరిగి మడికి పోయేవాడు. అవ్వ మాత్రం పోయి చూసి వచ్చి, సాలు వంకర పోయిందని కొత్త వాళ్ళ దున్నకాన్ని ఎగతాళి చేసేది.

అరవైలు ముగిసేలోగానే అవ్వ పోయింది. మూడో నాడు వాగు దగ్గర, పోయినవాళ్ళ పేరున కాకులు ముట్టాలని పిట్టకు పెట్టేటప్పుడు బాపు రెండు విస్తర్లు వేయించాడు. ఒకదాంట్లో అవ్వకు ఇష్టమైనవి ఉన్నాయి. రెండోదాంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, చిన్నాయన అడిగి మరీ చేయించుకునేవి. అది ఎవరికని వచ్చినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. షావుకారు రెండో విస్తరి ముందు తలకు చుట్టుకున్న తువ్వాల తీసి నిలబడ్డాడు. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. “మీ బాపు బొంబాయి పోయినప్పుడే చిన్నాయన మట్టి చూసొచ్చిండు. సొరంగంల బండలు మీద పడ్డయంట. ఊరందరికి ఎరుకే. అవ్వకు చెప్పద్దని ఊరంత ఒట్టు వెట్టుకున్నరు. మీకు ఎరుకైతే ఆమెకు ఎరుకైతదని మీకు గూడ చెప్పలే.” అంటే ఆ రోజు గొంగడి చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ తెలిసే కూర్చున్నారు. బాపు అవ్వకు ఒక్క మాట చెబితే బ్యాంకు అప్పు వచ్చేది. ఆ మాట చెప్పకుండా చెల్క ఇచ్చుకున్నాడు. బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన దాని గురించి మాతో మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

అవ్వకు తెలుసా లేదా అని మాత్రం అక్కా నేనూ యాభై ఏళ్ళు వాదులాడుకున్నాం. తెలుసని అక్క అనేది. తెలియని తల్లి అయితే బొంబాయి నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ కొడుకు జాడ అడిగేది, అవ్వ ఒక్కరినైనా అడిగిందా అనేది. తెలిసి ఉంటే గొంగడి నీడకు వేయమని ఎందుకంటుంది అని నేను. “బాపుకు ఇనపడాలనే అన్నదిరా పిచ్చోడా” అనేది అక్క. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, అవ్వా బాపూ ఒకరికి తెలియకూడదని ఒకరు దాచిన మాటకే ఆ నేల పోయిందని ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ వాదనకు రెండో మనిషి లేదు.

ఆ రోజులే మంచివని అనలేను. ఆ పద్ధతిలోనే మా భూమి పోయింది. ఇప్పుడు భూమి పనులన్నీ సర్కారు కచేరీలో అవుతాయి, వచ్చినవాళ్ళ వేలిముద్ర తీసుకుంటారు, రానివాళ్ళను మళ్ళీ రమ్మంటారు. మా ఊరి నుంచి దూరం పనులకు పోయేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ పేరున ఎవరూ గొంగడి పరచరు.