దొంగ పరకలు

వాలుగ చేపకు మన పనితనంతో పని లేదు. ఎర కోసం ఈకలతో కట్టిన చేపకు కళ్లు ఎంత ముద్దుగా పెట్టాం, వీపు మీద గీతలు ఎంత సన్నగా గీశాం అని అది చూడదు. నది అడుగున ఉండి పైకి చూస్తుంది. దానికి కనిపించేది వెలుగుకు అడ్డంగా కదిలే ఒక కడుపు, ఒక తోక, అంతే. ఈ ముక్క నాకు చెప్పింది మా బాపు. ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో సపోర్టు పని చేశాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం ఆయన డ్యూటీ. బతుకంతా తల ఎత్తి కప్పునే చూసిన మనిషి. కింద ఉన్నవాడికి పైన ఉన్నది ఎలా కనిపిస్తుందో ఆయనకు తెలిసినంతగా గోదావరిఖనిలో ఇంకెవరికీ తెలియదని నేను పందెం కాస్తాను. కన్నకొడుకులు ఎలా కనిపించారో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలే కాంట్రాక్టు లారీ డ్రైవర్‌ని. ఒకసారి ఫోన్లో వీడియో చూశాను. ఎక్కడో చలిదేశంలో ఒకాయన బతికిన చేపపిల్లను ఎర వేయకుండా, ఈకలతో కట్టిన చేపతో పెద్ద పెద్ద చేపలు లాగుతున్నాడు. నాకు పిచ్చి పట్టింది. తెల్లకోడి ఈకలు, మేక వెంట్రుకలు పోగేశాను. బొగ్గు పేల్చాక మిగిలిపోయే రంగురంగుల వైరు ముక్కలతో మా కాలనీ ఆడవాళ్లు బుట్టలు అల్లుతారు. మా అమ్మ బుట్టలోంచి రెండు ముక్కలు తీసి, పైతొడుగు ఒలిచి, లోపలి సన్నతీగను బరువు కోసం గాలపుముల్లుకు చుట్టాను. వీపుకు ఆకుపచ్చ రంగు వేశాను, కళ్లకు పూసలు అంటించాను. వాలుగలు తినే చిన్నచేప పరక. నిజం పరక పక్కన పెడితే నాదే అందంగా ఉంది.

ఐదు ఆదివారాలు గోదావరిలో విసిరాను. ఒక్క చేప ముట్టలేదు. పక్కనే బాపు ముల్లుకు బతికిన పరకను గుచ్చి వరసబెట్టి వాలుగలు లాగుతున్నాడు. చివరికి ఆయనకే జాలేసినట్టుంది. నా చేపను తీసుకుని నీళ్లలో ముంచి, సూర్యుడి వైపు ఎత్తి, తల వెనక్కి వాల్చి కింది నుంచి చూశాడు.

“లారీల కూసోని కట్టినవారా దీన్ని?” అన్నాడు. “మీదికెల్లి చూస్తె మంచిగనే ఉన్నది. చేప మీదికెల్లి చూడదు గద. కిందికెల్లి చూస్తె మసిగుడ్డ లెక్క ఉన్నది.”

సగం ఈకలు పీకేశాడు. నా గుండె పీకినట్టయింది. ఆ పూటే వాలుగ పడింది.

అప్పటి నుంచి బతికిన ఎరను బాపు కూడా మానేశాడు. నేను కట్టేవాణ్ణి, ఆయన ఎంచేవాడు. ఒడ్డు దగ్గర ఆ వారం పరకలు ఎంత పొడవున్నాయో ముందు చూసేవాడు. గోరంత ఉంటే గోరంతదే కట్టాలి, వేలంత ఉంటే వేలంతది. నీళ్లు తేటగా ఉంటే పల్చటి తెల్లది, ఒళ్లు కనీకనపడకుండా ఉండాలి. వానలకు కొత్తనీళ్లు వచ్చి బురదగా ఉంటే ఒత్తుగా కట్టిన నల్లది. నేను తలకిందులుగా అనుకున్నాను, బురదలో తెల్లది బాగా కనిపిస్తుందని. “చీకట్ల ఏది కనవడ్తదో నాకు చెప్తవా?” అని నవ్వాడు. దొంగ పరకలు అని వాటికి పేరు కూడా ఆయనే పెట్టాడు. రెండేళ్లు ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ రెండేళ్లూ నేను మహా సంతోషంగా ఉన్నాను, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు.

అప్పటికే బాపు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఒక్క కొడుక్కే. ఇద్దరు కొడుకులున్న మా బొగ్గుబావుల కాలనీ ఇళ్లలో ఆ ఏడాది అన్నం ఎలా దిగుతుందో మా వాళ్లను అడిగితే చెబుతారు. నాకొక అన్న, రెండేళ్లు పెద్ద. పదో తరగతి తప్పాడు, ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవలేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తవాణ్ణి బతిమాలుకునే బతుకు నాది. పర్మనెంటు నౌకరీ, ఒక క్వార్టరు, జ్వరమొస్తే పోవడానికి దవాఖాన, నాకు కావలసింది అదే. పైకి అనకపోయినా ఉద్యోగం నాదేనని అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చున్నది నేను కదా!

ఒకరోజు పొద్దున, నీళ్లు అప్పుడే తేటపడుతున్నాయి. నా దొంగ పరకల డబ్బాలోంచి బాపు ఒక పల్చటిది తీసి ఇచ్చాడు. మూడోసారి విసరగానే నా చెయ్యంత వాలుగ పడింది. ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని దాని నోట్లోంచి ముల్లు తీస్తున్నాను. వెనక నుంచి బాపు అన్నాడు.

“కాయిదాల మీద అన్న పేరు రాయించిన.”

“నేనేం తక్కువ చేసిన బాపూ?” అన్నాను.

“నువ్వేం తక్కువ చెయ్యలే. నీకు చెయ్యి ఉన్నది, తెలివి ఉన్నది. యాడ పడేసినా బతుకుతవ్. వానికేమున్నది? ఈ నౌకరి గూడ లేకుంటె వాడు ఆగమైతడు.”

అంటే పని రావడమే నేను చేసిన నేరం! నాలుగు పనులు చెడగొట్టి ఇంటికొచ్చి పడుకుని ఉంటే ఆ నౌకరీ నాకొచ్చేది. ఆ రోజు నాకు పుట్టిన కోపం ఇప్పటికీ అలాగే ఉంది. మళ్లీ ఆయనతో నదికి పోలేదు. అమ్మతో కబురు పెట్టాడు, డ్యూటీ ఉందన్నాను. ఎన్నిసార్లు పెట్టినా అదే అన్నాను. ఆయన పోయిన ఏడాది చనిపోయాడు. చివరి రోజుల్లో దవాఖానలో మంచం పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడాను. ఆయనకు వేరే మాట కావాలని తెలుసు. అయినా వానల గురించే మాట్లాడాను.

మొన్న చలికాలంలో అన్న మా ఇంటికి వచ్చాడు. “తమ్మీ, ఆదివారం నన్ను గూడ గోదారికి తోల్కపో,” అన్నాడు. తనకు నౌకరీ వచ్చిన ఆరేళ్లలో నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కాదనలేకపోయాను.

నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏది కట్టాలని అన్న అడిగాడు. నేను ఒత్తుగా కట్టిన నల్లది తీసి ఇచ్చాను. తెలిసే ఇచ్చాను. అన్న పాపం రెండు గంటలు దాన్నే విసిరాడు.

మధ్యలో నా వైపు తిరగకుండానే అన్నాడు. “బాయిలకు దిగాలంటె నాకు భయం తమ్మీ. బోల్టు కొడ్తున్నప్పుడు కండ్లు మూసుకుంట. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే.”

నాకు జాలి కలగాలి. కలిగింది మాత్రం సంతోషం.

“బాపు నన్ను ఒక్కనాడు గూడ ఈడికి తోల్కరాలే,” అన్నాడు మళ్లీ. “మీరిద్దరు బండెక్కి పోతుంటె తలుపుకాడ నిలవడి చూసేటోన్ని. నౌకరి తమ్మునికే ఇయ్యి, నన్ను నీ ఎంబడి తోల్కపో అని అడుగుదామనుకున్న. నోరు రాలే.”

అప్పుడే మాకు కొంచెం దూరంలో పరకలు గుంపుగా నీటి మీదికి ఎగిరి చెల్లాచెదురయ్యాయి. కింద వాలుగ తరుముతోంది. అవి ఎందుకు ఎగిరాయో అన్నకు తెలియదు, ముచ్చటగా చూశాడు. దారం లాక్కుని, నల్లదాన్ని చేతిలో పట్టుకుని, “ఇది మార్చాల్నా?” అని అడిగాడు.

డబ్బా నా ఒళ్లోనే ఉంది. పల్చటి తెల్లవి నాలుగు ఉన్నాయి.

“ఇయ్యాల ఈడ చేప లేదన్నా. పా, పోదాం,” అన్నాను.

అన్న నమ్మాడు.